ఇంట్లో తక్కువ వెలుతురులో పెట్ ఫొటోలు బాగా రావాలంటే: కొత్తవాళ్లకు పూర్తి గైడ్

పగలు ఆరుబయట తీసిన ఫొటోలో కుక్క మీసాలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. అదే కుక్కను సాయంత్రం గదిలో తీస్తే ముఖం అలుక్కుపోతుంది, కళ్లు మసకగా ఉంటాయి, బొచ్చంతా రంగురంగుల చుక్కలు పడతాయి. చాలామంది తప్పు కెమెరాదే అనుకుని కొత్త మోడళ్ల ధరలు చూడటం మొదలుపెడతారు. అక్కడికి వెళ్లేముందు చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవాటికి పైసా ఖర్చు లేదు.

అసలు సమస్య వెలుతురుది. ట్యూబ్‌లైటు వేసిన గది మనకు బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే కన్ను ఇట్టే సర్దుకుంటుంది. కొలిస్తే తెలుస్తుంది తేడా. నిండు ఎండలో వెలుతురు సుమారు 1,00,000 లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం) ఉంటుంది. మబ్బు పట్టిన పగటిపూట 10,000 అటూ ఇటూ ఉంటుంది. రాత్రి హాల్లో లైట్లు వేసుకున్నాక చాలా ఇళ్లలో 50 నుంచి 150 లక్స్ మధ్యే. అంటే ఎండలో ఉన్నదానిలో దాదాపు వెయ్యో వంతు.

ఈ లోటు పూడ్చుకోవడానికి కెమెరాకు మూడే దారులు. షట్టర్‌ను (కెమెరాలోకి వెలుతురు వదిలే తెర) ఎక్కువసేపు తెరిచి ఉంచవచ్చు, కానీ ఆలోపు జంతువు కదిలితే బ్లర్ అవుతుంది. లెన్స్ అపెర్చర్‌ను (వెలుతురు వచ్చే రంధ్రం) పెద్దది చేయవచ్చు, కానీ ఫోకస్‌లో ఉండే లోతు తగ్గిపోతుంది. ఐఎస్‌ఓ (ఉన్న వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలన్న అంకె) పెంచవచ్చు, కానీ నాయిజ్ (చుక్కలు, గరుకు) బయటపడుతుంది. ఈ మూడింటిలో నేను మొదటినుంచీ నాయిజ్‌నే ఎంచుకోమంటాను. గరుకుగా ఉన్న ఫొటోను తర్వాత చాలావరకు బాగుచేసుకోవచ్చు. కదిలిపోయిన కళ్లను ఏ సాఫ్ట్‌వేరూ నమ్మకంగా తిరిగి తేలేదు. ఈ గైడ్‌లోని వరుస కూడా దాన్ని బట్టే: ముందు వెలుతురు, తర్వాత షట్టర్, ఆ పైన ఐఎస్‌ఓ.

1. ముందు మీ పాత ఫొటోలను పరీక్షించండి

మీకు నచ్చని ఓ పది ఫొటోలు తెరిచి, ఒక్కోదాన్ని కళ్ల దగ్గర బాగా జూమ్ చేసి చూడండి. "బాగా రాలేదు" అని మనం ఒక్క మాటలో అనేసేదాంట్లో నాలుగు వేరువేరు లోపాలు దాగి ఉంటాయి.

సోఫా, గోడ, కుక్క అన్నీ ఒకే వైపు సాగినట్టు కనిపిస్తే మీ చెయ్యి కదిలింది. సోఫా స్పష్టంగా ఉండి ముఖం మాత్రమే చెదిరితే జంతువు కదిలింది, షట్టర్ స్పీడ్ సరిపోలేదు. చెవి గానీ వెనకున్న దిండు గానీ పదునుగా ఉండి కన్ను మసకగా ఉంటే ఫోకస్ తప్పింది. అన్నీ పదునుగానే ఉండి చుక్కలు చుక్కలుగా ఉంటే అది నాయిజ్. మీ పదింటిలో ఏ లోపం ఎక్కువసార్లు కనిపిస్తుందో చూసుకోండి. కొత్తవాళ్ల ఫొటోల్లో ఎక్కువగా కనిపించేది రెండోది, అంటే జంతువు కదలడం. లెన్సుల మీద రాసి ఉండే స్టెబిలైజేషన్ దీనికి అక్కరకు రాదు. అది మీ చేతి వణుకును సర్దుతుందే తప్ప పిల్లి తల తిప్పడాన్ని ఆపలేదు.

2. ఇంట్లో వెలుతురు ఎక్కడుందో వెతకండి

ఈ మెట్టు మీదే ఎక్కువ సమయం పెట్టండి. మిగతావన్నీ దీని తర్వాతే.

ఒక రోజు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు ఇల్లంతా తిరగండి. మీ చేతిని ముఖం ఎత్తులో ముందుకు చాచి, మెల్లగా గుండ్రంగా తిరుగుతూ అరచేతి మీద వెలుతురు ఎలా పడుతుందో చూడండి. వేళ్ల మధ్య నీడ మెత్తగా ఉండి, చెయ్యి ఒక పక్క ప్రకాశంగా, రెండో పక్క కొద్దిగా చీకటిగా కనిపించే చోటు దొరికితే ఆ చోటును, ఆ సమయాన్ని గుర్తుపెట్టుకోండి. అక్కడే మీ పెట్ ముఖం కూడా బాగా వస్తుంది.

మామూలుగా ఆ చోటు కిటికీకి ఒక మీటరు లోపలే ఉంటుంది. పగటిపూట కిటికీ పక్కన 1,000 లక్స్ దాటడం మామూలే, అంటే రాత్రి హాలుతో పోలిస్తే పది రెట్లు. కిటికీ నుంచి దూరం జరిగే కొద్దీ వెలుతురు చాలా వేగంగా పడిపోతుంది. ఒక మీటరు దగ్గరున్నది రెండు మీటర్ల దగ్గరకు వచ్చేసరికి సగం కంటే తక్కువైపోవచ్చు. పిల్లి పడుకునే మెత్తను గది మధ్య నుంచి కిటికీ పక్కకు జరపడం వల్ల వచ్చే లాభం, చాలాసార్లు ఖరీదైన లెన్స్ వల్ల వచ్చే లాభానికి సమానం.

నేరుగా ఎండ పడే కిటికీ మాత్రం ఇబ్బందే. బొచ్చులో సగం తెల్లగా కాలిపోయినట్టు, సగం చీకటిగా వస్తుంది. పల్చని తెల్ల కర్టెన్ గానీ తెల్ల దుప్పటి గానీ అడ్డం వేస్తే కిటికీ అంతా ఒక పెద్ద మెత్తని లైటుగా మారుతుంది. ఎండ నేరుగా పడని వైపు కిటికీ ఉంటే ఇంకా సులువు, రోజంతా ఒకే తీరు వెలుతురు వస్తుంది.

ఇక మీరు ఎక్కడ నిలబడాలి? కిటికీకి ఎదురుగా నిలబడి, కిటికీకీ మీకూ మధ్య కుక్కను కూర్చోబెడితే దాని ముఖం నల్లగా, వెనక అంతా తెల్లగా వస్తుంది. దాదాపు అందరం మొదట ఇలాగే తీస్తాం. బదులుగా కిటికీ మీకు ఒక పక్కన ఉండేలా, జంతువు ముఖం కిటికీ వైపు కాస్త తిరిగేలా చూసుకోండి. వెలుతురు ముఖం మీద ఏటవాలుగా పడితే బొచ్చు తీరు, మూతి ఆకారం తెలుస్తాయి. చీకటిగా ఉన్న రెండో పక్కన ఒక తెల్ల చార్ట్ గానీ దిండు గలీబు గానీ నిలబెడితే వెలుతురు తిరిగి ముఖం మీద పడి నీడ తేలికవుతుంది.

కళ్లలో చిన్న తెల్లని మెరుపు కనిపిస్తోందా అని చూడండి. ఆ మెరుపు కిటికీ ప్రతిబింబం. అది ఉంటే ఫొటోలో ప్రాణం ఉంటుంది. లేకపోతే జంతువు ఎంత చురుగ్గా ఉన్నా నీరసంగా కనిపిస్తుంది. పిల్లుల విషయంలో ఇంకో లాభం ఉంది. వెలుతురు ఎక్కువైతే వాటి కనుపాప సన్నని గీతలా మారి కంటి రంగు పూర్తిగా బయటపడుతుంది. చీకట్లో కనుపాప గుండ్రంగా విచ్చుకుని కన్నంతా నల్లగా కనిపిస్తుంది.

పగలు కిటికీ వెలుతురు సరిపోతే గదిలో లైట్లు ఆర్పేయండి. వింతగా అనిపించవచ్చు గానీ దీనికి కారణం ఉంది. పసుపు రంగు బల్బు 2700 నుంచి 3000 కెల్విన్ (వెలుతురు రంగు కొలత) ఉంటుంది, పగటి వెలుతురు 5500 చుట్టూ ఉంటుంది. రెండూ కలిస్తే తెల్ల పిల్లికి ఒక బుగ్గ పసుపుగా, రెండోది నీలంగా వస్తుంది. అలాంటి ఫొటోలో వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దే సెట్టింగ్) ఏ వైపు సరిచేసినా రెండో వైపు చెడుతుంది.

3. జంతువును సిద్ధం చేయండి, బలవంతం చేయకండి

వెలుతురున్న చోటికి జంతువును ఎత్తుకొచ్చి కూర్చోబెడితే అది లేచి వెళ్లిపోతుంది. వెళ్లకపోయినా ముఖంలో ఆ ఇబ్బంది కనిపిస్తుంది. బదులుగా దానికిష్టమైన దుప్పటిని నాలుగైదు రోజుల ముందే కిటికీ పక్కన వేసి ఉంచండి. అక్కడ అప్పుడప్పుడూ తినడానికి ఏదైనా పెట్టండి. ఆ చోటు తనదే అనుకున్నాక అదే వచ్చి పడుకుంటుంది, మీ పని సగం అయిపోయినట్టే.

కెమెరాను కూడా అలాగే పరిచయం చేయండి. నేల మీద పెట్టి వాసన చూడనివ్వండి. ఫొటో తీయకుండా కాసేపు చేతిలో పట్టుకుని కూర్చోండి. పెద్ద లెన్స్ కొన్ని జంతువులకు తమవైపే గుచ్చి చూస్తున్న పెద్ద కన్నులా అనిపించవచ్చు. షట్టర్ చప్పుడుకు ఉలిక్కిపడే జంతువైతే సైలెంట్ మోడ్ పెట్టండి. ఫోకస్ కోసం కెమెరా వేసే చిన్న ఆరెంజ్ లేదా ఎరుపు లైటును మెనూలో ఆపేయండి, అది నేరుగా వాటి కళ్లలో పడుతుంది.

సమయం ఎంచుకోవడం కూడా ముఖ్యమే. కొత్తవాళ్లు మొదట పడుకుని లేచిన జంతువుతో, లేదా బాగా ఆడి అలసిపోయిన కుక్కతో మొదలుపెట్టడం మంచిది. అప్పుడు కదలిక తక్కువ, కాబట్టి నెమ్మది షట్టర్ కూడా సరిపోతుంది. పిల్లులు సహజంగా తెల్లవారుజామున, సందెవేళ చురుగ్గా ఉంటాయి. సరిగ్గా అప్పుడే ఇంట్లో వెలుతురు తక్కువ. అందుకే ఆట ఫొటోలను తర్వాతి దశకు వాయిదా వేసి, మధ్యాహ్నం కిటికీ దగ్గర బద్ధకంగా కూర్చున్నప్పటి పోర్ట్రెయిట్‌లతో చేయి తిరగనివ్వండి.

చూపు మీవైపు తిప్పుకోవడానికి వింత శబ్దాలు పనిచేస్తాయి, కానీ ఒకటి రెండుసార్లే. మూడోసారికి కుక్క పట్టించుకోదు. కాబట్టి సెట్టింగ్‌లన్నీ సరిచూసుకుని, ఫోకస్ పెట్టుకుని, వేలు బటన్ మీద ఉంచాకే ఆ శబ్దం చేయండి. తినుబండారం ఉంటే దాన్ని లెన్స్‌కు ఆనించి పట్టుకోండి. చెయ్యి పక్కకు వెళితే చూపు కూడా పక్కకే వెళుతుంది.

కుక్క ఊరికే పెదవులు నాకుతున్నా, నిద్ర వేళ కాకపోయినా ఆవలిస్తున్నా, తల పక్కకు తిప్పుకుంటున్నా, కంటి తెల్లగుడ్డు బయటపడేలా ఓరగా చూస్తున్నా దానికి చాలయిందని అర్థం. పిల్లి చెవులు వెనక్కి పడిపోతే, తోక విసురుతుంటే అదే సంగతి. వెంటనే ఆపేయండి. ఒక ఫొటో పోతే ఇంకోరోజు దొరుకుతుంది. కెమెరా అంటే భయం పట్టుకుంటే పోగొట్టడానికి చాలా కాలం పడుతుంది.

4. కెమెరా సెట్టింగ్‌లు

ఫోన్‌తో తీసేవాళ్లు ఈ భాగంలో షట్టర్ స్పీడ్‌ల వరకు చదివి తర్వాతి మెట్టుకు వెళ్లవచ్చు.

మోడ్ డయల్‌ను మాన్యువల్ మీద పెట్టి, ఐఎస్‌ఓను మాత్రం ఆటోలో ఉంచండి. అపెర్చర్‌ను మీ లెన్స్‌లో ఉన్న అతి చిన్న ఎఫ్ నంబర్‌కు (అంకె ఎంత చిన్నదైతే అపెర్చర్ అంత పెద్దది) తీసుకురండి. షట్టర్ స్పీడ్ 1/200 సెకనుతో మొదలుపెట్టండి. ఇప్పుడు వెలుతురు మారినప్పుడల్లా కెమెరా ఐఎస్‌ఓను మాత్రమే మార్చుకుంటుంది, మీ షట్టర్‌ను ముట్టుకోదు. మాన్యువల్ అంటే టెన్షన్‌గా ఉంటే షట్టర్ ప్రయారిటీ మోడ్ వాడండి. తక్కువ వెలుతురులో అది తనంతట తానే అపెర్చర్‌ను పూర్తిగా తెరుస్తుంది కాబట్టి ఫలితం దాదాపు ఒకటే.

షట్టర్ స్పీడ్ ఎంత ఉండాలన్నది జంతువు ఏం చేస్తోందన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను మొదలుపెట్టమని చెప్పే అంకెలు ఇవి:

- నిద్రలో ఉంటే 1/60
- కూర్చుని అటూ ఇటూ చూస్తుంటే 1/125 నుంచి 1/200
- మెల్లగా నడుస్తుంటే 1/250 నుంచి 1/320
- బొమ్మతో ఆడుతుంటే 1/500
- పరుగు, గెంతు అయితే 1/1000

1/200 నుంచి 1/1000కి వెళ్లాలంటే అయిదు రెట్లు వెలుతురు కావాలి. ఇంట్లో పరుగు ఫొటోలు అంత కష్టం కావడానికి కారణం ఇదే. ఒక చిట్కా ఏమిటంటే, ఆటలో కూడా క్షణకాలం ఆగే ఘడియలు ఉంటాయి. పిల్లి దూకబోయే ముందు ఒదిగి కూర్చుంటుంది, కుక్క తల ఒక పక్కకు వంచి వింటుంది. ఆ క్షణం పట్టుకుంటే 1/200 కూడా సరిపోతుంది. వరుసగా నాలుగైదు ఫొటోలు పడేలా బర్స్ట్ మోడ్ పెట్టుకుంటే వాటిలో ఒకటి నిలకడగా దొరుకుతుంది.

ఆటో ఐఎస్‌ఓకు గరిష్ఠ పరిమితి పెట్టే వీలుంటుంది. కెమెరా పాతదైతే 3200, ఈమధ్యదైతే 6400 పెట్టి చూడండి, ఫుల్ ఫ్రేమ్ (చిత్రాన్ని పట్టే సెన్సర్ పెద్దగా ఉండే కెమెరా) అయితే 12800 వరకు వెళ్లడానికి భయపడనక్కర్లేదు. ఐఎస్‌ఓ తక్కువ పెట్టి చీకటిగా తీసి, తర్వాత కంప్యూటర్‌లో వెలుతురు పెంచితే నాయిజ్ తగ్గుతుందని చాలామంది నమ్ముతారు. అలా జరగదు. నాయిజ్ పుట్టేది ప్రధానంగా వెలుతురు కొరత నుంచి. సెన్సర్ మీద పడే వెలుతురు నాలుగు రెట్లయితే, నాయిజ్‌తో పోలిస్తే చిత్రం బలం రెండు రెట్లవుతుంది. చీకటిగా తీసిన ఫొటోను తర్వాత లాగి పెంచితే, ముఖ్యంగా జేపెగ్‌లో, నీడలన్నీ మచ్చలుగా మారతాయి. తీసేటప్పుడే సరైన వెలుతురుతో తీయండి, ఐఎస్‌ఓ ఎంతయితే అంత. వీలుంటే జేపెగ్‌తో పాటు రా ఫైల్ (కెమెరా పట్టిన సమాచారం మొత్తం ఉండే ఫైల్) కూడా దాచుకోండి. రంగులు, వైట్ బ్యాలెన్స్ తర్వాత మార్చుకునే స్వేచ్ఛ అందులో ఎక్కువ.

లెన్స్ విషయానికొస్తే, కెమెరాతో పాటు వచ్చే 18-55 మి.మీ. లెన్స్ వైడ్ చివర ఎఫ్/3.5 వరకు తెరుచుకుంటుంది, పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది. ఈ రెండింటి మధ్య రెండున్నర రెట్ల తేడా. కాబట్టి ఇంట్లో జూమ్ చేయకుండా మీరే దగ్గరకు జరగండి. మరీ 18 దగ్గర పెట్టి మూతికి ఆనిస్తే ముక్కు పెద్దగా, చెవులు చిన్నగా వస్తాయి. 24 నుంచి 35 మధ్య మంచి రాజీ.

ఒక్కటి కొనగలిగితే మాత్రం ఎఫ్/1.8 ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) కొనండి. ఎఫ్/5.6తో పోలిస్తే అది దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి రానిస్తుంది. ఐఎస్‌ఓ 6400 కావాల్సిన చోట 650 చుట్టూ సరిపోతుందన్నమాట. చిన్న సెన్సర్ కెమెరాలకు ఇంట్లో 35 మి.మీ. అనువుగా ఉంటుంది. 50 మి.మీ. అయితే ఆ కెమెరాల్లో చిన్న గదిలో వెనక్కి జరగడానికి చోటు చాలదు. కొత్త కెమెరా కంటే ఈ లెన్స్ మీద పెట్టిన డబ్బుకే విలువ ఎక్కువ అని నా గట్టి అభిప్రాయం.

5. ఫోన్‌తో తీస్తుంటే

ముందు లెన్స్ తుడవండి. వేలిముద్రల జిడ్డు వల్ల దీపాల చుట్టూ వచ్చే మసక, బొచ్చు మీద వచ్చే పొగలాంటి తెలుపు ఒక్క తుడుపుతో పోతాయి.

1x అని చూపించే ప్రధాన కెమెరానే వాడండి. సాధారణంగా పెద్ద సెన్సర్, పెద్ద అపెర్చర్ దానికే ఉంటాయి. 2x, 3x నొక్కితే తక్కువ వెలుతురులో చాలా ఫోన్లు టెలీ లెన్స్ వాడకుండా ప్రధాన కెమెరా చిత్రాన్నే కోసి పెద్దది చేసి చూపిస్తాయి. దగ్గరకు వెళ్లి 1xలో తీసి, తర్వాత క్రాప్ చేసుకోవడం మేలు.

నైట్ మోడ్ గాఢ నిద్రలో ఉన్న జంతువుకు బాగుంటుంది. అది సెకను నుంచి కొన్ని సెకన్ల పాటు చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది కాబట్టి ఆ లోపు చెవి కదిలినా అక్కడ మసక వస్తుంది. మెలకువగా ఉన్న జంతువుకు దాన్ని ఆపేయండి. వెనకభాగాన్ని మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ మీసాల దగ్గర, చెవి అంచు బొచ్చు దగ్గర తరచూ తప్పుతుంది. ఆ మోడ్‌లో ఒకటి, మామూలుగా ఒకటి తీసి పెట్టుకోండి.

కంటి మీద వేలితో నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు అక్కడ లాక్ అవుతాయి. తర్వాత పైకో కిందికో జరిపి వెలుతురు సర్దండి. ప్రో మోడ్ ఉంటే పైన చెప్పిన షట్టర్ స్పీడ్‌లే పెట్టుకోవచ్చు. ఆట ఆడుతున్న కుక్కపిల్లను కిటికీ దగ్గర 4కే వీడియో తీసి, అందులోంచి మంచి ఫ్రేమును ఫొటోగా తీసుకోవడం కూడా మంచి దారే. ఒక్కో ఫ్రేము సుమారు 8 మెగాపిక్సెళ్లు ఉంటుంది, ఆల్బమ్ ప్రింట్‌కు అది చాలు. ఫోన్ ఫ్లాష్ మాత్రం వాడకండి. కారణం తొమ్మిదో మెట్టులో ఉంది.

6. ఫోకస్ కంటి మీదే

ఎఫ్/1.8 దగ్గర ఫోకస్‌లో ఉండే లోతు ఎంత తక్కువో తెలిస్తే ఎక్కడ జాగ్రత్త పడాలో అర్థమవుతుంది. చిన్న సెన్సర్ కెమెరాలో 50 మి.మీ. లెన్స్‌తో మీటరు దూరం నుంచి తీస్తే ఆ లోతు సుమారు 3 సెంటీమీటర్లు. పొడుగు మూతి కుక్కకు ముక్కు నుంచి కంటికి అంతకంటే చాలా ఎక్కువ దూరం ఉంటుంది. కెమెరాకు వదిలేస్తే దగ్గరగా ఉన్న ముక్కునే పట్టుకుంటుంది. రెండు మీటర్లకు జరిగితే లోతు దాదాపు నాలుగు రెట్లవుతుంది. చిక్కుల్లో ఉన్నప్పుడు ఒక అడుగు వెనక్కి వేసి, తర్వాత క్రాప్ చేసుకోవడం సులువైన పరిష్కారం.

మీ కెమెరాలో జంతువుల కన్ను గుర్తించే ఆటోఫోకస్ ఉందేమో మెనూలో చూడండి. 2019లో సోనీ ఏ7 మార్క్ 3కి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ద్వారా ఇది వచ్చింది. తర్వాత చాలా కంపెనీల మిర్రర్‌లెస్ కెమెరాల్లో చేరింది. మనుషుల కన్ను, జంతువుల కన్ను వేరువేరు ఎంపికలుగా ఉంటే జంతువు మీదకు మార్చడం మరచిపోకండి. డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) అయితే ఒకే ఫోకస్ పాయింట్ ఎంచుకోండి. మధ్య పాయింట్ తక్కువ వెలుతురులో అన్నిటికంటే నమ్మకంగా పనిచేస్తుంది. కంటిన్యువస్ ఫోకస్ పెట్టి, కంటి మీద ఉంచి, బటన్ సగం నొక్కి పట్టుకుంటే జంతువు ముందుకూ వెనక్కీ కదిలినా ఫోకస్ వెంట వెళుతుంది.

ఆటోఫోకస్‌కు తేడా కనిపించే అంచు కావాలి. నల్ల బొచ్చు మధ్యలో అది వెతుక్కుంటూ ఉండిపోతుంది. కంటి మెరుపు మీద, లేకపోతే ముఖం అంచు మీద పాయింట్ పెట్టండి. ఒకవేళ రెండు కళ్లూ ఫోకస్‌లో రాకపోతే మీకు దగ్గరగా ఉన్న కన్ను పదునుగా ఉండాలి.

ఇదంతా ముందుగా ఒక బొచ్చు బొమ్మ మీద సాధన చేయండి. బొమ్మ విసుక్కోదు. కిటికీ పక్కన పెట్టి, సెట్టింగ్‌లు మార్చుకుంటూ తీసి, జూమ్ చేసి చూసుకుంటే చేతివేళ్లకు అలవాటవుతుంది.

7. వాటి కంటి ఎత్తుకు దిగండి

నిలబడి పైనుంచి తీస్తే నేల ఎక్కువ, ముఖం తక్కువ వస్తుంది. కళ్ల మీద కనుబొమల నీడ కూడా పడుతుంది. నేల మీద కూర్చోండి, చిన్న జంతువైతే బోర్లా పడుకోండి, మోచేతులు నేలకు ఆనించండి. మోచేతుల ఆసరా వల్ల చేతి వణుకు కూడా తగ్గుతుంది. నేలకు దిగలేనివాళ్లు జంతువునే కిటికీ గట్టు మీదకో మంచం మీదకో రానిస్తే సరి.

8. నల్లవి, తెల్లవి

కెమెరా మీటర్ ఎదురుగా ఉన్నదంతా కలిపితే మధ్యరకం బూడిద రంగు వస్తుందని ఊహించుకుని లెక్క వేస్తుంది. ఫ్రేము నిండా నల్ల కుక్క ఉంటే వెలుతురు తక్కువైందనుకుని పెంచేస్తుంది. కుక్క బూడిదగా మారుతుంది, నాయిజ్ కూడా పెరుగుతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (కెమెరా వేసిన వెలుతురు లెక్కను తగ్గించే, పెంచే సెట్టింగ్) మైనస్ 0.7 దగ్గర పెట్టండి. తెల్ల పిల్లికి ఇది తిరగబడుతుంది, ప్లస్ 0.7 నుంచి 1 వరకు పెంచాలి. కానీ తెల్ల బొచ్చులో వివరాలు పోకుండా హిస్టోగ్రామ్ (చీకటిని ఎడమన, వెలుతురును కుడిన చూపే గ్రాఫ్) కుడి అంచుకు తగలకుండా చూసుకోండి.

నల్ల జంతువుల ఫొటోలు రావని అనేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది, ఎందుకంటే పక్క నుంచి వెలుతురు పడితే నల్ల బొచ్చంత అందంగా మెరిసేది ఇంకొకటి లేదు. కిటికీ వెలుతురు కాస్త వెనక పక్క నుంచి వచ్చేలా కూర్చోబెడితే వీపు, చెవుల అంచుల మీద సన్నని వెలుగు గీత వస్తుంది. నల్ల సోఫా మీద మాత్రం కూర్చోబెట్టకండి. లేత రంగు దుప్పటి కింద పరిస్తే అది వెలుతురును పైకి తిప్పి గడ్డం కింది నీడను తేలిక చేస్తుంది.

9. రాత్రి తప్పనిసరైతే

రాత్రిపూట గది మధ్య పైకప్పు లైటు ఒక్కటే ఉంటే కళ్లు గుంటల్లా కనిపిస్తాయి. టేబుల్ ల్యాంపును జంతువు ముఖానికి ఒక పక్కగా, దాని తల కంటే కొంచెం ఎత్తులో పెట్టండి. ల్యాంపుకీ జంతువుకీ మధ్య తెల్లని పల్చటి గుడ్డ ఉంటే వెలుతురు మెత్తబడుతుంది. వేడెక్కే బల్బుకు గుడ్డ తగలనివ్వకండి, వైరు జంతువు కొరకకుండా చూసుకోండి. ల్యాంపు దగ్గరైతే వెలుతురు మెత్తగానూ, బలంగానూ ఉంటుంది. ఎల్‌ఈడీ ప్యానెల్ కొనే ఆలోచన ఉంటే సీఆర్‌ఐ (లైటు రంగులను ఎంత నిజంగా చూపుతుందన్న కొలత) 90 పైన ఉన్నది చూసుకోండి, గోధుమ, తేనె రంగు బొచ్చు నిజమైన రంగులో వస్తుంది.

కొన్ని ఎల్‌ఈడీలు, ట్యూబ్‌లైట్లు మన కంటికి తెలియకుండా మినుకుమంటాయి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట సెకనుకు 100 సార్లు, 60 హెర్ట్జ్ ఉన్న చోట 120 సార్లు. వేగమైన షట్టర్ పెట్టినప్పుడు, ముఖ్యంగా సైలెంట్ మోడ్‌లో ఉండే ఎలక్ట్రానిక్ షట్టర్‌తో, ఫొటోకు అడ్డంగా చీకటి పట్టీలు కనిపిస్తే కారణం ఇదే. మెకానికల్ షట్టర్‌కు మారండి, కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. జంతువు నిలకడగా ఉంటే 1/100 లేదా 1/125 పెడితే పట్టీలు చాలావరకు పోతాయి.

ఇక ఫ్లాష్. కుక్కలకు, పిల్లులకు కంటి రెటీనా వెనక టేపిటమ్ లూసిడమ్ అనే అద్దంలాంటి పొర ఉంటుంది. చీకట్లో వాటికి బాగా కనిపించడానికి అదొక కారణం. లెన్స్ పక్కనే ఉన్న ఫ్లాష్ వెలుతురు ఆ పొర మీద పడి నేరుగా లెన్స్‌లోకి తిరిగొస్తుంది, కళ్లు ఆకుపచ్చగానో పసుపుగానో నిప్పుల్లా మెరుస్తాయి. కొన్ని నీలి కళ్ల పిల్లులకు ఎర్రగా కనిపిస్తాయి. తల తిరిగే విడి ఫ్లాష్ ఉంటే దాన్ని తెల్లని పైకప్పు వైపో, పక్క గోడ వైపో తిప్పండి. వెలుతురు అక్కడ పడి పెద్దగా, మెత్తగా తిరిగొస్తుంది. కళ్లు మెరవవు, కదలిక కూడా ఆగిపోతుంది. గోడకు రంగు ఉంటే ఆ రంగే బొచ్చు మీద పడుతుందని గుర్తుంచుకోండి. షట్టర్ 1/200 దాటించకండి, చాలా కెమెరాల్లో షట్టర్, ఫ్లాష్ కలిసి పనిచేసే (సింక్) హద్దు అక్కడే. ఫ్లాష్‌కు బెదిరే జంతువు, మూర్ఛ వ్యాధి ఉన్న జంతువు, పంజరంలోని పక్షి అయితే ఫ్లాష్ ఊసే ఎత్తకండి.

10. ఎడిటింగ్

మొదట ఎంపిక. కన్ను పదునుగా లేని ఫొటోలను జాలి లేకుండా తీసేయండి, ముఖంలో భావం ఎంత బాగున్నా. ఒక్క మినహాయింపు ఉంది: మళ్లీ రాని క్షణం, ముసలి కుక్క ఆఖరి రోజుల్లాంటిది అయితే బ్లర్ ఉన్నా దాచుకోండి.

మిగిలినవాటిలో ముందు వైట్ బ్యాలెన్స్, తర్వాత వెలుతురు, ఆ తర్వాతే నాయిజ్ చూడండి. నాయిజ్‌లో రెండు రకాలు. ఎరుపు, ఆకుపచ్చ మచ్చలుగా కనిపించేది రంగు నాయిజ్, దాన్ని ధైర్యంగా తీసేయవచ్చు. ఇసుక గరుకులా కనిపించేదాన్ని మాత్రం కొంచెమే తగ్గించండి. ఎక్కువ తగ్గిస్తే బొచ్చు మైనపు బొమ్మలా నున్నబడిపోతుంది. డార్క్‌టేబుల్, రాథెరపీ ఉచితంగా దొరుకుతాయి, రెండింటిలోనూ ఈ పనులు చేసుకోవచ్చు. అడోబీ లైట్‌రూమ్‌లో 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఏఐ డీనాయిజ్ రా ఫైళ్ల మీద బొచ్చు వివరాలు పోకుండా నాయిజ్ తీయడంలో చాలా బాగా పనిచేస్తుంది. పాత రా ఫైళ్లు ఉంటే వాటి మీద కూడా నడిపి చూడండి.

రకరకాల బల్బుల కింద రంగులు ఎంతకీ కుదరని ఫొటోను బ్లాక్ అండ్ వైట్ చేయండి. రంగు గొడవ పోతుంది, మిగిలిన గరుకు పాత ఫిల్మ్ ఫొటోలా కనిపించి ముఖానికి నప్పుతుంది. షార్ప్‌నెస్‌ను ఫొటో అంతటికీ పెంచకుండా బ్రష్‌తో కళ్లకు, ముక్కుకు మాత్రమే పెంచండి, లేకపోతే నీడల్లోని నాయిజ్ మళ్లీ పైకి వస్తుంది. చివరి నిర్ణయం ఎప్పుడూ ఫొటోను చూసే సైజులోనే తీసుకోండి. 100 శాతం జూమ్‌లో గరుకుగా కనిపించిన ఐఎస్‌ఓ 6400 ఫొటో, ఫోన్ తెర మీద గానీ 4x6 అంగుళాల ప్రింట్‌లో గానీ శుభ్రంగానే ఉంటుంది.